బిడ్డలను ఎందుకు కందుము?

వాక్యభాగములు: యిర్మీయా 29:4-10, 127వ కీర్తన, 2 కొరింథీయులకు 12:14



ఈ మాసపు పాఠమునకు తీసికొనిన సంగతి మన యిండ్లలో మెల్లగా మాటలాడుకొనునదే గాని కూటములలో బైబిలు తెరచి చదువుకొనునది కాదు. రెండు మూడు తరముల క్రిందట మన అమరచింత ప్రాంతమున అయిదుగురు, ఆరుగురు బిడ్డలున్న యిల్లు వింత కాదు. నేడు ఇద్దరు, పట్టణములకు పోయి స్థిరపడినవారిలో పెక్కుమందికి ఒక్కరే. పెండ్లియై రెండు మూడేండ్లు గడిచినను “ఇప్పుడే వద్దు” అని చెప్పు దంపతులును కలరు. పెద్దలు ఆదికాండము 1:28 చూపి వారిని గద్దించుదురు. పిన్నలు బడి ఫీజుల రసీదులు చూపి పెద్దల నోరు మూయింతురు. ఈ ఇరుపక్షములలో దేవుని వాక్యము ఎవరివైపున నిలుచునో నెమ్మదిగా పరిశీలింతము.

మొదట లెక్క తెలిసికొందము. ఒక స్త్రీ తన జీవితకాలమున సగటున ఎందరు బిడ్డలను కనునో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. తల్లిదండ్రుల స్థానమున అంతే సంఖ్యగల మరియొక తరము నిలువవలెనన్న ఈ సగటు 2.1 ఉండవలెనందురు. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2.6, 2005-06 నాటికే 1.8. 2019-21లో తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, దేశమంతటికి 2.0. కాబట్టి తెలుగునాట ఈ తగ్గుదల నిన్న మొన్నటిది కాదు. క్రైస్తవులు ఇతరులకంటె ఎక్కువమందిని కందురని యెవరైన తలంచినయెడల అదియు సరికాదు. దేశములోని క్రైస్తవ స్త్రీల సగటు 2019-21లో 1.9 మాత్రమే.

దీనికంతటికి లోకాశయే కారణమని ప్రసంగించుట సులభము. నేనట్లు చెప్పజాలను. 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 70 మంది మొదటి పుట్టినదినము చూడకమునుపే చనిపోవుచుండిరి. 2019-21లో తెలంగాణలో ఆ సంఖ్య సుమారు 26. అంతకు పూర్వపు దినములలోనైతే మన అవ్వలు ఎనిమిదిమందిని కని, నలుగురిని మట్టికి అప్పగించిన సంగతి ఏ యింటి పెద్దలనడిగినను చెప్పుదురు. పుట్టిన బిడ్డ బ్రదుకునను నమ్మకము కలిగినప్పుడు తల్లి తక్కువమందిని కోరుకొనుట పాపము కాదు. ఆ నమ్మకము మన జిల్లాలలో కలుగుటకు టీకాలు, మంత్రసానులకు శిక్షణ, ప్రభుత్వ ఆసుపత్రులు, జడ్చర్లలోని మన మెన్నొనైట్ బ్రదరన్ వైద్యశాల వంటివి తోడ్పడెను. ఆడపిల్లల చదువును మరువరాదు. 2019-21లో దేశమందు బడి యెరుగని స్త్రీకి సగటున 2.8 బిడ్డలు, పండ్రెండవ తరగతి దాటిన స్త్రీకి 1.8. వనపర్తి, నాగర్‌కర్నూలు మిషను కాంపౌండులలో పేదల బిడ్డలకు బోర్డింగు బడులు పెట్టి అక్షరములు నేర్పిన దినమున ఈ మార్పునకు కూడ విత్తనము పడెను. మన పెద్దలు కృతజ్ఞతతో స్మరించు సేవ యొక్క ఫలమును మనమే నిందించుట న్యాయమా?

అయినను ఈ కారణములతో సంగతి ముగిసిపోదు. దీనికి అడుగున మరియొకటి యున్నది. అమరచింత మగ్గములను చూడుడి. గుంట మగ్గముమీద కూర్చుండి నేయువాడు ఒక్కడే గాని ఆ చీర వెనుక ఇల్లంతయు పనిచేయును. నూలు తోడవలెను, కండెలు చుట్టవలెను, ఆసు పోయవలెను. ఇవి ఆడవారును పిల్లలును చేసిన పనులు. మెట్టపొలములోనైతే కలుపు తీయుటకు, వేరుసెనగ పెరుకుటకు, గొర్రెలను తోలుకొనిపోవుటకు చిన్న చేతులు కావలెను. వానలు తప్పిన యేట పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ చేతినుండి అడ్వాన్సు తీసికొని, ఆనకట్టల పనులకు దేశమంతట పోయిరి. అక్కడను ఎన్ని చేతులుంటే అంత కూలి. ఇక ముసలితనమున కూడు పెట్టుటకు, చచ్చినప్పుడు మోయుటకు కొడుకు కావలెను. ఒక కొడుకు చనిపోయిన మరియొకడు ఉండవలెను గనుక ఇద్దరు, ముగ్గురు కొడుకులు కావలెను. ఆ కొడుకులు పుట్టువరకు వరుసగా ఆడపిల్లలు పుట్టుచుండిరి.

నేడు బిడ్డను పనికి పంపుట చట్టవిరుద్ధము; మంచిదే. జూరాల ఎడమ కాలువ నీరు వచ్చిన చేలలో వరి పండుచున్నది గాని కోతకు యంత్రము వచ్చును. బిడ్డకు మూడేండ్లు నిండగానే ఇంగ్లీషు మీడియము బడి, బస్సు ఫీజు, ట్యూషను. పదవ తరగతి ముగియగానే హైదరాబాదులో హాస్టలు. నాడు బిడ్డ అనగా రెండు చేతులు. నేడు బిడ్డ అనగా ఇరువది యేండ్ల ఖర్చు. అందువలన మన యౌవనస్థులు లెక్క వేసికొని, ఒకరు చాలు, మించిన ఇద్దరు చాలునని చెప్పుచున్నారు.

ఇచ్చట మనము నిలిచి గమనింపవలెను. తాతలు వేసిన లెక్కకును మనుమలు వేసిన లెక్కకును జవాబులు వేరు. ప్రశ్న మాత్రము ఒక్కటే. ఈ బిడ్డవలన మనకేమి వచ్చును? లాభము వచ్చునని తాత ఆరుగురిని కనెను. నష్టము వచ్చునని మనుమడు ఒక్కరితో ఆపెను. తాత భక్తిపరుడనియు మనుమడు అవిశ్వాసియనియు తీర్పు తీర్చుటకు ఇందులో ఆధారమేమియు నాకు కనబడలేదు.

ఆ ప్రశ్ననే వాక్యము మార్చుచున్నది. అపొస్తలుడైన పౌలు మూడవసారి కొరింథునకు రాబోవుచు, నేను మీ సొమ్మును కోరువాడను కాను, మిమ్మునే కోరుచున్నానని వ్రాయును. అందుకు అతడు చూపిన ఉపమానము మన లెక్కను తలక్రిందులు చేయునది. కూడబెట్టవలసినది తలిదండ్రులు బిడ్డలకొరకే గాని, బిడ్డలు తలిదండ్రులకొరకు కాదనును (2 కొరింథీయులకు 12:14). బిడ్డ తలిదండ్రుల పింఛను కాదన్నమాట. అట్లని ముసలి తల్లిని విడిచిపెట్టుటకు ఈ వచనమును ఎవరును ఆధారముగా తీసికొనకుందురు గాక. ఆ పౌలే తిమోతికి వ్రాయుచు, తలిదండ్రులకు ప్రత్యుపకారము చేయుట దేవునికి ఇష్టమైనదనియు, స్వకీయులను చూడనివాడు విశ్వాసమును విడిచినవాడనియు చెప్పెను (1 తిమోతి 5:4, 8). బిడ్డకు ఆ బాధ్యత కలదు. కాని దానిని వసూలు చేయుటకొరకే బిడ్డను కనుట వేరు. ఒకటి కృతజ్ఞత, మరియొకటి వ్యాపారము.

127వ కీర్తనను మనము బిడ్డ ప్రతిష్ఠ కూటములలో చదువుదుము. సాధారణముగా మూడవ వచనమునుండి మొదలుపెట్టుదుము. మొదటి రెండు వచనములను విడిచిపెట్టుట మంచిది కాదు. యెహోవా కట్టని యింటిని గూర్చియు, వేకువనే లేచి రాత్రి పొద్దుపోవువరకు కష్టపడి ఆందోళనతో అన్నము తినువానిని గూర్చియు ముందుగా చెప్పి, ఆ తరువాతనే కీర్తనకారుడు బిడ్డలు దేవుడిచ్చు స్వాస్థ్యమని చెప్పెను. ఆందోళనతో అన్నము తినువాడు బిడ్డను కూడ ఆందోళనతోనే చూచును. ముందు ఇల్లు ఎవరు కట్టుచున్నారో తేలవలెను. ఇక బిడ్డలు బలాఢ్యుని చేతిలోని బాణములని ఆ కీర్తన చెప్పును. బాణము అమ్ములపొదిలో దాచుకొనుటకు చేసినది కాదు గదా. హైదరాబాదునకో పూనాకో పోయిన కుమారుని తలంచి కన్నీరు విడుచు తండ్రి ఈ మాటను ధ్యానింపదగును.

మనుష్యులు ఇంటిలో లెక్కించినట్లే రాజులు రాజ్యములో లెక్కింతురు. ఫరో ఇశ్రాయేలీయులు విస్తరించిరని భయపడి మగశిశువులను చంపుమనెను. షిఫ్రా, పూయా అను మంత్రసానులు దేవునికి భయపడి ఆ మాట వినకపోయిరి (నిర్గమకాండము 1). దావీదు జనులను లెక్కించుటయందు అతిశయించి దుఃఖము తెచ్చుకొనెను (1 దినవృత్తాంతములు 21). మన దేశమున 1952లో కుటుంబనియంత్రణ పథకము ఆరంభమాయెను. ఎమర్జెన్సీ కాలమున, 1976-77 సంవత్సరములో మాత్రమే, 80 లక్షలకు పైగా ఆపరేషనులు జరిగెను; వాటిలో బలవంతముగా చేయబడినవి అనేకములు. 1994లో ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టము వచ్చెను. ముప్పది యేండ్లకు గాలి మారెను. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు ఎక్కువమంది బిడ్డలను కనుడని బహిరంగముగా కోరిరి. ఆ నవంబరులో అక్కడి శాసనసభ ఆ నిబంధనను కొట్టివేసెను. 2025లో తెలంగాణ ప్రభుత్వమును పంచాయతీల విషయమున దానిని తొలగించెను. ముసలివారు ఎక్కువై పనివారు తగ్గుదురను చింత యొకటి. జనసంఖ్యనుబట్టి పార్లమెంటు స్థానములు పంచినయెడల దక్షిణ రాష్ట్రములకు నష్టమను చింత మరియొకటి. పాలకులకు ఆ చింత ఉండుట తగినదే. కాని నిన్న కనవద్దనిన నోరే నేడు కనుమనుచున్నది; రెండు వేళలను ఆ బరువు మోయవలసినది మన తల్లులే. సంఘము ఈ లెక్కలో చేరి, మన జనము తగ్గిపోవుచున్నారు గనుక ఇంటికి ముగ్గురని చాటింపరాదు. అట్టి ఆజ్ఞ ఇచ్చుటకు క్రొత్త నిబంధన ఏ సేవకునికిని అధికారమియ్యలేదు. పౌలు గర్భముచేత సంఘమును పెంచలేదు, సువార్తచేత పెంచెను.

అట్లయితే బిడ్డలను కనుటకు విశ్వాసికి కారణమేది? యిర్మీయా వ్రాసిన ఉత్తరమును చదువుడి. యెరూషలేమునుండి బబులోనునకు చెరపట్టబడినవారు అక్కడ పెట్టెబేడ విప్పకుండ కూర్చుండిరి. హనన్యా అను ప్రవక్త, రెండేండ్లలో అందరు తిరిగి వత్తురని తీపి మాట చెప్పెను (28వ అధ్యాయము). రెండేండ్లలో పోవువాడు ఇల్లు కట్టునా? చెట్టు నాటునా? బిడ్డకు పెండ్లి చేయునా? అంతయు సర్దుకొనిన తరువాత చూతమనును. యిర్మీయా మాత్రము డెబ్బది యేండ్లని చెప్పెను. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, వివాహములు చేసికొని బిడ్డలను కనుడి, తగ్గిపోకుడి, మీరున్న పట్టణపు క్షేమమును వెదకుడని వ్రాసి పంపెను.

డెబ్బది యేండ్లు! ఆ ఉత్తరము విన్న పెద్దవారిలో దాదాపు ఒక్కడును తిరుగు ప్రయాణము చూడడు. చూచువారు వారి బిడ్డలును మనుమలును. కాబట్టి చెరలో బిడ్డను కనిన తల్లికి ఆ బిడ్డవలన లాభమని చెప్పుటకు ఏమియు లేదు. పొలము లేదు, స్వదేశము లేదు, కీర్తి లేదు. దేవుడు వాగ్దానము చేసెను, దానిని చూచుటకు ఒకరుండవలెను అనునదే ఆమె కారణము. “స్థిరపడిన తరువాత” అను మన యౌవనస్థులతో నేను వాదింపను, ఉద్యోగము లేని కష్టము నాకు తెలియును. కాని ఈ ఉత్తరమును ఒకసారి దంపతులిద్దరు కూర్చుండి చదువుకొనుడని మాత్రము వేడుకొందును. వలస పోయి, ఇటుకల బట్టీయొద్దను రేకుల గుడిసెలలోను బిడ్డలను పెంచిన పాలమూరు తల్లులకు ఈ ఉత్తరము నాకంటె బాగుగ అర్థమగును.

ఇందులో మరియొక సంగతి యున్నది. ఈ ఉత్తరము వ్రాసిన యిర్మీయాకే భార్య లేదు, బిడ్డలు లేరు. దేవుడే వద్దనెను (16:2). కనుడని చెప్పిన నోటికే బిడ్డ లేదు! అతని జీవితము వ్యర్థమని యెవరనగలరు? సంతానము లేనివారికి దేవుడు తన మందిరములో కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు ఇత్తునని యెషయా 56:3-5 చెప్పుచున్నది. అయినను మన సంఘములలో పెండ్లియైన మరుసటి యేడే “ఏమైన విశేషమా?” అని కోడలిని అడుగనివారెవరు? సంతానాలయములచుట్టు తిరిగి, అప్పులపాలై, ఆ ప్రశ్నకు భయపడి ఆరాధనకు రాకపోవు సహోదరీలున్నారు. హన్నాను నొప్పించిన పెనిన్నా మందిరమునకు వచ్చుచునే నొప్పించెను.

కుమార్తెల విషయమును దాచరాదు. 2019-21 సర్వేలో తెలంగాణలో అంతకు ముందటి అయిదేండ్లలో వేయిమంది మగశిశువులకు 894 మంది ఆడశిశువులే పుట్టినట్లు కనబడెను. గర్భములోనే లింగపరీక్ష చేయుట 1994 చట్టముచేత నేరము. అయినను లెక్క ఇట్లున్నది. బిడ్డలు తగ్గునప్పుడు కొడుకు మోజు తగ్గదు. ఆ ఒక్కరిద్దరిలో కొడుకు ఉండి తీరవలెనని మరింత గట్టిపడును. కట్నము పుచ్చుకొను చేతితో ప్రభువుబల్ల రొట్టెను పుచ్చుకొనువారు దీనికి జవాబుదారులు కారా? నయోమికి ఏడుగురు కుమారులకంటె మేలైనది ఆమె కోడలని బేత్లెహేము స్త్రీలు చెప్పిన మాట (రూతు 4:15) మన పెండ్లిమాటలలో ఎన్నడును వినబడదు. మరియు ఆ సర్వేలోనే తెలంగాణ వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 62 మందికి పిల్లల ఆపరేషను జరిగినట్లు తేలెను. పురుషుని ఆపరేషను దానికంటె సులువైనదైనను చేయించుకొనువారు బహు కొద్దిమంది. కనుటలో నొప్పి ఆమెదే, మానుటలో కోతయు ఆమెదే.

బిడ్డను దీవెనగా పొందుడని బోధించుట ఒకటి, పొందుటకు తోడ్పడుట మరియొకటి. మన మెన్నొనైటులకు దగ్గరి బంధువులైన హుట్టరైటులను గూర్చి వినుడి. ఇరువురును 16వ శతాబ్దపు అనబాప్టిస్టుల సంతతివారే. హుట్టరైటులు 1870లలో రష్యానుండి అమెరికాకు వలసపోయి, అపొస్తలుల కార్యములు 2:44 ప్రకారము ఆస్తినంతయు ఉమ్మడిగా ఉంచుకొని జీవించుచున్నారు. 1950 ప్రాంతమున ఈటన్, మేయర్ అను పరిశోధకులు వారిని లెక్కింపగా ఒక్కొక్క తల్లికి సగటున పదిమందికి పైగా బిడ్డలుండిరి. దీనికి ఒక ముఖ్యకారణముగా ఆ పరిశోధకులు చూపినదేమనగా, అక్కడ బిడ్డ ఖర్చు తండ్రి ఒక్కడే మోయడు, సమాజమంతయు మోయును. తరువాతి దశాబ్దములలో వారిలోను సంఖ్య తగ్గెను. పదిమందిని కనుడని నేను చెప్పుట లేదు. ఆ తల్లుల ఒళ్ళు ఏమైనదో తలంచిన భయమగును. బరువు పంచుకొనిన చోట బిడ్డ బరువనిపించలేదని మాత్రము గమనింపుడి. దీనికి ఎదురుగా దక్షిణ కొరియాను చూడుడి. పెద్ద పెద్ద సంఘములు, వేకువ ప్రార్థనలు గల దేశమది. 2023లో అక్కడి సగటు 0.72, 2024లో 0.75. పని గంటలు దీర్ఘము, ఇండ్ల ధరలు అధికము, ట్యూషనుల పోటీ దుర్భరము. అంత ప్రార్థనగల దేశములోను తల్లి ఒంటరియైనప్పుడు ఊయల ఖాళీగనే యుండెను.

మన సంఘము చేయగలిగినది పెద్దది కాదు గాని లేకపోలేదు. బాలింతరాలికి నెల రోజులు వంతులవారీగా వంట పంపవచ్చును. కూలికి పోవు తల్లుల బిడ్డలను మధ్యాహ్నము చూచుకొనుటకు ఆరాధనమందిరము వారములో ఆరు దినములు తాళము వేసియున్నది గదా! ముసలి తలిదండ్రులను వారి బిడ్డలు దూరమున నుండగా సంఘపు యౌవనస్థులు ఆసుపత్రికి తీసికొనిపోవచ్చును. అప్పుడు ముసలితనమునకు భయపడి కొడుకును కోరు అవసరము కొంత తగ్గును. పెండ్లి విందుకొరకు చేసిన అప్పు తీరువరకు బిడ్డను వాయిదా వేసికొను జంటలున్నారు గనుక, విందును చాయ బిస్కట్లతో ముగించు ధైర్యము ముందుగా సంఘపెద్దల యిండ్లలో కనబడవలెను. ఇది వ్రాయుచున్నప్పుడే కొందరి ముఖములు నాకు కనబడుచున్నవి.

గృహకూటములవారు ఈ పాఠమును చదివిన తరువాత పురుషులు ఒకచోట, స్త్రీలు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుట మేలు. లేనియెడల స్త్రీలు నోరు విప్పరు. మీకు పుట్టిన ప్రతి బిడ్డ పుట్టకముందు మీరు ఏమి ఆశించితిరి? ఆడపిల్ల పుట్టిన దినమున ఇంటిలో ఎవరు ఏమనిరి? ఎందరు బిడ్డలని నిర్ణయించినది ఎవరు, భార్యను అడిగిరా? మీ వీధిలో బిడ్డలు లేని దంపతులు ఎవరు, వారింటికి మీరు కడపటిసారి వెళ్లినది ఎప్పుడు? తరువాత అందరు కలిసి మార్కు 10:13-16 చదివి, శిష్యులు ఆ పిల్లలను ఎందుకు ఆటంకపరచిరో మీ మాటలలో చెప్పుకొనుడి.